లాబీలో ఎవరో ఏడుస్తున్నారు

మైకులు, స్పీకర్ల పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ప్రగతి నగర్‌లో మా ఇంటికి వస్తుంటారు. టీ తాగుతూ, "మేడం, మీ సర్వీసులో అన్నిటికన్నా కష్టమైన ప్రాబ్లం ఏది?" అని అడుగుతారు. చైర్మన్‌గారు మాట్లాడుతుంటే మైకు చచ్చిపోయిన కథో, అమెరికా వాళ్ల ముందు తెర నల్లబడిన కథో చెబుతానని వాళ్ల ఆశ. అవీ ఉన్నాయి. కానీ నేను చెప్పేది ఎప్పుడూ మంచినీళ్ల సీసాల కథే. విని విని మా ఇంట్లో వాళ్లకి విసుగొచ్చింది కాబట్టి ఈసారి రాసి పెడుతున్నాను. పేర్లు మాత్రం రాయను. అందరూ నిక్షేపంగా ఉన్నారు, అందరి దగ్గరా నా ఫోన్ నంబరుంది.

మాది తెనాలి దగ్గర పల్లె. పెళ్లయి ఈ ఊరొచ్చాక బాలానగర్‌లో యాంప్లిఫయర్లు తయారు చేసే చిన్న ఫ్యాక్టరీలో బోర్డులకి సోల్డరింగ్ చేసేదాన్ని. పక్క షెడ్డులో రేకులు నొక్కే ప్రెస్సులుండేవి. ఆ దబదబల మధ్య ఏళ్ల తరబడి కూర్చుని నా ఎడమ చెవి మందగించింది. అప్పటినుంచి చప్పుడంటే నాకు పగ. తర్వాత హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో మీటింగు గదులు చూసుకునే ఉద్యోగం దొరికింది. నేను కలిపిన కాల్‌లో ఫ్యాను గాలి కూడా అవతలికి వినపడకూడదు, అదీ నా పట్టుదల. ఇంట్లో మిక్సీ వెయ్యాలంటే మావారు నన్నడిగి వేసేవారు.

అలాంటి నాకు, రిటైర్మెంటు దగ్గరపడుతున్న రోజుల్లో, కంపెనీ కొత్త మీటింగు యంత్రాలు కొనిపెట్టింది. వాటిని అమ్మడానికి వచ్చిన కుర్రాడు మైకు దగ్గర చిప్స్ పొట్లం నలిపాడు. అవతలి గదిలో వినపడలేదు. ఫోన్‌లో పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్న రికార్డింగు పెట్టాడు. అదీ వినపడలేదు. అతని మాట మాత్రం కడిగిన ముత్యంలా వినిపించింది. "మనిషి మాట తప్ప ఇంకేదీ పోదు మేడం. మిగతాదంతా నాయిస్ కింద లెక్క" అన్నాడు. మేమందరం చప్పట్లు కొట్టాం. నేనైతే ఇంటికెళ్లి పాయసం చేశాను.

అదే రోజుల్లో రాయదుర్గం మెట్రో పక్కన మా కొత్త టవరు తయారైంది. కింద లాబీలో రెండు నిలువుల ఎత్తు గోడ ఖాళీగా ఉంది. దాని మీద ఏం పెట్టాలన్నది మా ఫెసిలిటీస్ మేడం తేల్చాలి. కంపెనీకి న్యూజిలాండ్‌లో కూడా ఆఫీసుంది. అక్కడి మావోరీ నేతగత్తెలు గోడలో పై సగం, ఇక్కడి లంబాడీ ఆడవాళ్లు కింది సగం చేస్తే, రెండూ నడుమ కలిసి ఒక్కటిగా కనిపిస్తాయని మా డిజైనరు బాబు చెప్పాడు. మేడంకి నచ్చింది.

మావోరీ వాళ్ల పని నేను తెర మీదే చూశాను. సన్నటి రెల్లు కాడల్ని నిలువుగా, చెక్క బద్దల్ని అడ్డంగా తడికలాగా కడతారు. ఆ తడికకి ముందొక మనిషి, వెనకొక మనిషి కూర్చుంటారు. ముందు మనిషి గడ్డిపోగు సందులోంచి దూరిస్తే వెనక మనిషి అందుకుని బిగించి తిరిగి ఇస్తుంది. అలా ఇస్తూ పుచ్చుకుంటూ పసుపు, తెలుపు, నలుపు గడులతో బొమ్మ తేలుతుంది. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. లంబాడీ కుట్టు మీకు తెలిసిందే. ఎర్రటి గుడ్డ మీద రంగురంగుల దారాలు, అద్దాలు, గవ్వలు. రెండు సగాలూ కలిసే చోట గడికి గడి సరిపోవాలి కాబట్టి వారానికోసారి వీడియోలో ఇద్దరూ మాట్లాడుకోవాలని ఏర్పాటు. మనకి పొద్దున్న అయితే వాళ్లకి మధ్యాహ్నం.

శంకర్‌పల్లి అవతలి తండా నుంచి నలుగురు ఆడవాళ్లు కంపెనీ వ్యానులో వచ్చేవారు. వాళ్లలో పెద్దావిడకి డెబ్బై దాటి ఉంటాయి. మోచేతుల పైదాకా తెల్లటి గాజులు, నుదుటి మీదికి లాగిన ఓణీ, ఎవరినీ లెక్కచేయని నడక. ఇన్నేళ్లూ ఆవిడ కుట్టిందంతా సంచులై, దిండు గలీబులై దుకాణాల్లో అమ్ముడుపోయింది. ఎవరు కుట్టారన్నది ఎక్కడా లేదు. ఈ గోడ మీద మాత్రం వాళ్ల తండా పేరు, కుట్టిన వాళ్ల పేర్లు రాగిరేకు మీద చెక్కిస్తామన్నారు. అందుకే ఒప్పుకున్నానని మొదటి రోజే మా మొహాన చెప్పింది.

"పైసలు యాడైనా వస్తయి. పేరే రాలే ఇంతవరకు" అంది.

మొదటి కాల్ రోజు నేను గది పక్కనున్న అద్దాల క్యాబిన్‌లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాను. నాతోపాటు పనిచేసే టెక్నీషియన్ కూడా ఉన్నాడు. అతను రాయదుర్గం పాతూరి మనిషి. ఈ టవర్లు లేవనప్పుడు ఇక్కడ మేకలు కాసిన కుటుంబం. ఎవరినైనా ఆటపట్టించకుండా పొద్దుపోదు అతనికి. నన్ను అక్కా అంటాడు, నాకు తమ్ముడే.

తెర వెలిగింది. అవతల నల్లబట్టలు కట్టుకున్న ఆడవాళ్లు కొందరు. వాళ్లలో పెద్దావిడ లేచి నిలబడి నోరు తెరిచింది. హెడ్‌ఫోన్లలో ఏమీ లేదు. ఆవిడ చెయ్యి ముందుకు చాచి ఉంది, సన్నగా వణుకుతోంది. నెట్‌వర్క్ సరిగా లేక బొమ్మ అదురుతోందనుకున్నాను. గబగబా నెట్ చూసుకున్నాను, బాగానే ఉంది.

ఇంతలో మా తమ్ముడు నా భుజం తట్టాడు. "అక్కా, గదిల ఏమైందో సూడు."

అద్దంలోంచి చూస్తే మా పెద్దావిడ ఓణీ మొహం మీదికి లాక్కుని, తెర వైపు చేతులు చాచి కుమిలిపోతోంది. మిగతా ముగ్గురూ ఆవిడ చుట్టూ చేరి ఊగిపోతున్నారు. ఊరు కాని ఊరు, అద్దాల గది, ఏసీ చలి, భయపడిపోయారనుకున్నాను. నాలుగు మంచినీళ్ల సీసాలు పట్టుకుని లోపలికి పరిగెత్తాను.

"ఊరుకోండమ్మా, ఊరుకోండి. ఏం కాలేదు. కాసిని మంచినీళ్లు తాగండి" అంటూ ఆవిడ చేతిలో సీసా కుక్కాను. వీపు నిమిరాను. ఆవిడ ఠక్కున ఆగిపోయింది. ఓణీ తీసి నావైపు చూసిన చూపు ఇప్పటికీ నాకు గుర్తే. సీసా బల్ల మీద పెట్టి, కుర్చీలో కూర్చుని, ఆ తర్వాత అడిగినదానికల్లా "ఆఁ", "ఊఁ" తప్ప మాట్లాడలేదు. తెర మీద పెద్దావిడ కూడా కూర్చుంది. డిజైనరు బాబు గడుల కొలతలు ఇటు తెలుగులో, అటు ఇంగ్లీషులో చెప్పి ముగించాడు.

ఆ సాయంత్రం మేడం అందరికీ మెయిల్ పంపింది. 'ఫస్ట్ కాల్ సూపర్ సక్సెస్, ఆడియో క్వాలిటీ ఎక్సలెంట్.' నేను దాన్ని దాచుకున్నాను కూడా.

తర్వాతి కాల్స్ పెళ్లిచూపులకన్నా బిగువుగా సాగాయి. గడులెన్ని, రంగేది, అయిపోయింది, నమస్కారం. కుట్టు ముందుకు పోలేదు. వ్యానులోంచి దిగే ఆడవాళ్ల మొహాల్లో కళ లేదు. ఓ రోజు న్యూజిలాండ్ నుంచి చాలా మర్యాదగా కబురొచ్చింది. తమ పెద్దలకి ఇది సరైన సమయం అనిపించడం లేదట, ఒక్కసారి వీడియోలో కలిసి ధన్యవాదాలు చెప్పుకుని విరమిద్దామట. మా పెద్దావిడ అంతకుముందే మేడంకి చెప్పేసింది, గుడ్డ తీసుకుని పోతానని. ఇద్దరూ మానేస్తే ఆ గోడకి కంపెనీ లోగో వేసిన ప్లాస్టిక్ షీటు అంటిస్తామంది మేడం నిట్టూరుస్తూ. రాగిరేకు లేదు, పేరూ లేదు.

ఆ ఆఖరి కాల్ రోజున పెద్దావిడ అందరికన్నా ముందొచ్చి గదిలో గుడ్డ మడత పెడుతోంది. సగం కుట్టిన ఆ ఎర్రటి గుడ్డ చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంది. మైకులు సర్దే వంకతో లోపలికి వెళ్లి, "ఇంత బాగా కుట్టారు కదమ్మా, ఎందుకు మానేస్తున్నారు?" అనడిగాను.

ఆవిడ మడత ఆపకుండానే చెప్పింది. "ఏం జెయ్యాలె చెల్లె? మేమంతసేపు రాగం తీసి ఏడిస్తిమి. ఆళ్లు దిష్టిబొమ్మల లెక్క చూసుకుంట నిలబడ్డరు. ఒక్కలన్న మారు ఏడ్వలే. నువ్వేమో నీళ్లిచ్చి నోరు మూపిస్తివి."

నాకు అర్థం కాలేదు. "అసలెందుకు ఏడ్చారమ్మా?"

ఆవిడ నన్ను చూసిన తీరుకి నా మీద నాకే జాలేసింది. "చుట్టాలు కలిస్తే ఏడ్వరా? మాదాంట్ల ఆడోళ్లు శానా దినాలకు కలిస్తే ముందు మెడ పట్టుకొని ఏడుస్తం. నడుమల ఎందరు పోయిండ్రు, ఎన్ని కష్టాలొచ్చినయి, అన్నీ పాటల చెప్పుకుంటం. గప్పుడు మనసు తేటైతది. గా తర్వాతనే ముచ్చట."

"కానీ మీరు వాళ్లని చూడడం అదే మొదటిసారి కదా!"

"మొదటిసారైతే ఇగ ఎంత ఏడుపు జమై ఉండాలె!" అంది. "ఇద్దరం కలిసి ఒక్క పని జేస్తుంటే చుట్టాలం గాక ఏమైతం?"

నేను క్యాబిన్‌లోకి వచ్చి కూర్చున్నాను. ఆ రోజు తలుపు తీసినప్పుడు నేను విన్నది ఉత్త ఏడుపనుకున్నాను, అది రాగమా? అయినా నా హెడ్‌ఫోన్లలో ఆ రోజు చీమ చిటుక్కుమన్న చప్పుడు కూడా లేదే! మొదటి కాల్ రికార్డింగు తీసి పెట్టాను. చెవికి నిశ్శబ్దం. కానీ తెర అడుగున, మైకులోకి ఎంత శబ్దం వస్తోందో చూపించే పచ్చలైట్ల గీత ఒకటుంటుంది. అది ఎగిరెగిరి పడుతోంది. అవతలి మైకు గీత చూశాను. ఆ ముసలావిడ నోరు తెరిచి చెయ్యి వణికిస్తున్నంతసేపూ అదీ ఎగిరెగిరి పడుతోంది.

చిప్స్ పొట్లం గుర్తొచ్చింది. పసిబిడ్డ గుక్క గుర్తొచ్చింది. నేను చేసిన పాయసం కూడా గుర్తొచ్చింది.

డిజైనరు బాబుని పిలిచి అడిగితే అతను నెత్తి కొట్టుకున్నాడు. మావోరీ వాళ్లలో అతిథులు వస్తే ముందు ఆడవాళ్లే చెయ్యి చాచి వణికిస్తూ, రాగం తీసి పిలుస్తారట. ఆ పిలుపులో చనిపోయినవాళ్లని తలుచుకుంటారట. వచ్చినవాళ్లు అదే తీరున బదులు పలికితేనే పలకరింపు పూర్తయినట్టు. "పుస్తకంలో చదివాను మేడం, వీడియోలో చెయ్యరనుకున్నాను" అన్నాడు పాపం. వాళ్లు పిలిచారు, వీళ్లు ఏడ్చారు, రెండిటినీ మా కొత్త యంత్రం నాయిస్ అని తుడిచేసింది. ఇటు చూస్తే అటు రాళ్లు, అటు నుంచి చూస్తే ఇటు రాళ్లు. పైగా రాళ్లకి నీళ్లు పట్టే మనిషిని నేనొకదాన్ని.

కాల్‌కి ఇంకా కాస్త టైముంది. న్యూజిలాండ్ ఆఫీసు టెక్నీషియన్‌కి ఫోన్ చేసి, అక్కడ నాయిస్ తీసేసే సెట్టింగ్ పూర్తిగా ఆపెయ్యమన్నాను. "అన్నీ వినపడతాయి, ఏసీ, లిఫ్టు, అన్నీ" అని హెచ్చరించాడు. "రానీ నాయనా" అన్నాను తెలుగులోనే. అతనికి అర్థమైనట్టే ఉంది.

మా తమ్ముడు పక్కనుంచి చూస్తున్నాడు. "అక్కా, జర ఆలోచించు. పర్మిషన్ లేకుండ సెట్టింగ్ మారిస్తే పరేషాన్ అయితది. పక్క గదిల పెద్ద సార్ల మీటింగు గూడ ఉన్నది."

"రిటైరయ్యేదాన్ని, నన్నేం చేస్తారు తమ్ముడూ?" అని మీట నొక్కేశాను. జీవితంలో మొదటిసారి నా గది చప్పుళ్లతో నిండిపోయింది. ఏసీ గుర్రుగుర్రు, ఎవరి కుర్చీయో కిర్రుకిర్రు. నాకు ఒళ్లంతా చీమలు పాకినట్టయింది. ఓర్చుకున్నాను.

తెర వెలిగింది. నేను మైకులో నా వచ్చీరాని ఇంగ్లీషులో, ఇన్నాళ్లూ మా యంత్రం ఇద్దరి గొంతులూ మింగేసిందని, మీరు పిలిచింది వీళ్లకి చేరలేదని, వీళ్లు ఏడ్చింది మీకు చేరలేదని చెప్పాను. అదే సంగతి పెద్దావిడకి తెలుగులో చెప్పాను. ఆవిడ మడతపెట్టిన గుడ్డ ఒళ్లో పెట్టుకుని, నమ్మనట్టుగా తెర వైపు చూసింది.

అవతల నల్లబట్టల పెద్దావిడ మెల్లగా లేచింది. చెయ్యి చాచింది. ఈసారి ఆ గొంతు మా గదిలోకి వచ్చింది. సన్నగా మొదలై, పైపైకి పోయి, ఎక్కడా తెగకుండా చాలాసేపు నిలబడింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఎవరో చాలా దూరంనుంచి చాలాకాలంగా పిలుస్తున్నారని మాత్రం తెలిసింది.

మా పెద్దావిడ ఒళ్లోని గుడ్డ కుర్చీ మీద పెట్టింది. లేచింది. ఓణీ మొహం మీదికి లాక్కుంది. ఆ పిలుపు చివర అందుకుని తన రాగం ఎత్తింది. ముగ్గురూ జత కలిశారు. గాజులు గలగలమన్నాయి. అవతల ఆడవాళ్లు ఒక్కసారిగా నోటికి చేతులడ్డం పెట్టుకుని, ఆ వెంటనే వాళ్లూ భోరుమన్నారు. స్పీకర్లు అదిరిపోయాయి. ఒకరి ఏడుపు ఆగితే ఇంకొకరు అందుకున్నారు. నేను క్యాబిన్‌లో కూర్చుని ఏడ్చాను. ఎందుకంటే చెప్పలేను. మా అమ్మ పోయినప్పుడు కూడా ఇరుగుపొరుగు వింటారని నోట్లో కొంగు కుక్కుకున్న మనిషిని నేను. ఆ రోజు హాయిగా, శబ్దం చేసి మరీ ఏడ్చాను.

ఇహ బయట చూడాలి. సెక్యూరిటీ వాళ్లు వాకీటాకీలతో పరిగెత్తుకొచ్చారు. ఎవరో ఫస్ట్ ఎయిడ్ పెట్టె తెచ్చారు. పక్క గదిలో బడ్జెట్ మీటింగు వదిలేసి పెద్ద సార్లు గుమిగూడారు. మేడం అయితే "వాట్ హాపెండ్, ఎవరైనా పోయారా?" అంటూ వచ్చింది. నేను వెళ్లి తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. నా వెనకాల మా తమ్ముడు చేతులు కట్టుకుని అందరికీ ఒకటే సమాధానం చెబుతున్నాడు.

"ఏం గాలే సార్, ఫికర్ చెయ్యకుండ్రి. చుట్టాలు కలిసిన్రు."

ఎంత అకస్మాత్తుగా మొదలైందో అంతే అకస్మాత్తుగా ఆగిపోయింది. పెద్దావిడ ఓణీ తీసి, కళ్లు తుడుచుకుని, ఫక్కున నవ్వింది. అవతలావిడ కూడా ముక్కు చీదుకుంటూ నవ్వుతోంది. "పిల్లలెందరే నీకు?" అని మా పెద్దావిడ మొదటి ప్రశ్న. డిజైనరు బాబు తర్జుమా చేసేలోపే అవతలావిడ వేళ్లు చూపించింది. ఎలా అర్థమైందో ఆవిడకే తెలియాలి. ముచ్చట ఇక ఆగలేదు. విరమించే సంగతి ఎవరికీ గుర్తు కూడా రాలేదు.

నేను మళ్లీ క్యాబిన్‌లో కూర్చున్నాక పెద్దావిడ అద్దంలోంచి నన్ను చూసి కేకేసింది. "ఏందే చెల్లె, గట్లనే కూసున్నవు? ఏడ్చి ఏడ్చి గొంతెండింది. ఏవీ నీ నీళ్లు? ఇప్పుడు తే!"

ఆ తర్వాత పని ఎలా సాగిందంటే, మేమే ఆపి భోజనాలకి పంపాల్సి వచ్చేది. మావోరీ వాళ్లు తడికకి అటూ ఇటూ కూర్చుని చేయడం చూసి మనవాళ్లు గుడ్డని చట్రానికి బిగించి ముందొకరు వెనకొకరు కూర్చున్నారు. సూది వేళ్లకి గుచ్చుకుని కెవ్వుమనడం, తిట్టుకోవడం, నవ్వడం, అన్నీ అవతలికి వెళ్లేవి. గాజుల చప్పుడు వాళ్లకి ఎంత నచ్చిందంటే, ఒక రోజు పెద్దావిడ రాకపోతే 'ఇవాళ గది మూగగా ఉంది' అన్నారు. మేడం కూడా మారింది. 'ఈ గదిలో నాయిస్ తియ్యరాదు' అని తనే కాగితం అంటించింది.

కొన్నాళ్లకి న్యూజిలాండ్ సగం చెక్కపెట్టెలో వచ్చింది. పెట్టె మూత తియ్యగానే పెద్దావిడ దాన్ని కావలించుకుని రాగం అందుకుంది. ఈసారి సెక్యూరిటీ వాళ్లు కదల్లేదు సరికదా, ఒకతను కుర్చీ తెచ్చి వేశాడు. తడిక మీద తెల్లటి చుక్కలు నిలువుగా కిందికి జారుతున్నట్టుగా నేసి ఉన్నాయి. సముద్రం మీద ఎగిరే ఒక పెద్దపక్షి కన్నీళ్లని ఆ అల్లికకి పేరట. ముందు అనుకున్న నమూనా అది కాదు. ఆ రోజు ఏడ్చాక మార్చుకున్నారని డిజైనరు బాబు చెప్పాడు. పెద్దావిడ కాసేపు వేలితో ఆ చుక్కల వెంట పోయింది. తర్వాత తన సగంలో అంచు విప్పించి, చుక్కలు జారివచ్చే చోటల్లా ఒక్కో అద్దం కుట్టించింది. ఇప్పుడు ఆ గోడ దగ్గర నిలబడితే ప్రతి కన్నీటిబొట్టు కిందా ఎవరి మొహం వాళ్లకి కనబడుతుంది. అక్కడ సెల్ఫీలు దిగని మనిషి లేడు.

ప్రారంభం రోజు పూలదండలు, దీపం, సార్ల ఉపన్యాసాలు అన్నీ అయ్యాయి. పెద్దావిడ వాటిని పట్టించుకోలేదు. రాగిరేకు దగ్గరికి నన్ను లాక్కెళ్లి "ఏడున్నదే నా పేరు?" అంది. చూపించాను. తండా పేరు, కింద నలుగురి పేర్లు, పక్కన న్యూజిలాండ్ వాళ్లవి. ఓణీ కొంగుతో ఆ రేకుని తుడిచి, మళ్లీ తుడిచి, "ఇగ ఎవ్వడు తీస్తడో సూస్త" అంది. ఆ నవ్వు చూడాలి మీరు.

అప్పుడే లాబీ స్పీకర్లకి న్యూజిలాండ్ కలిపాను. పాత అలవాటు ప్రకారం చెయ్యి వాల్యూం తగ్గించబోయింది. లాగేసుకుని, పూర్తిగా పైకి తిప్పాను. అక్కడి పెద్దావిడ పిలిచింది, ఇక్కడి పెద్దావిడ బదులిచ్చింది, ఆ గాజు టవరు పైఅంతస్తులదాకా మోగిపోయింది.

అదంతా తెలియని ఎవరో పైఅంతస్తు నుంచి మా విభాగానికి కంప్లయింట్ పెట్టారు. 'లాబీలో ఎవరో ఏడుస్తున్నారు. దయచేసి వెంటనే సరిచేయండి.'

నా సర్వీసులో నేను జవాబిచ్చిన ఆఖరి కంప్లయింట్ అదే. 'సరిచేశామండి. ఇప్పుడు చక్కగా వినిపిస్తోంది' అని రాసి మూసేశాను.